ఏడు చీలల తాళం

అయస్కాంత తోరణం కిందికి అడుగు పెట్టగానే తారావళి నడుముకు కట్టుకున్న పనిముట్ల సంచి తనంతట తాను గాలిలోకి లేచింది. తోలు తాళ్ళు పుటుక్కున తెగాయి. ఆకురాళ్ళు, సన్నని ఉలులు, పట్టకారు, కొక్కెం సూదులు, ఆమె తండ్రి రుద్రాచారి చేతిలో ముప్ఫై ఏళ్ళు అరిగి మెరిసిన ఇనుమంతా ఒక్కసారిగా పైకెగిరి, ఆ నల్లరాతి తోరణానికి టపటపా అతుక్కుపోయింది. అక్కడ అప్పటికే వందలకొద్దీ కత్తులు, బాకులు, గుర్రపు నాడాలు గబ్బిలాల్లా వేలాడుతున్నాయి.

"అయ్యో!" అన్నాడు పక్కనే నడుస్తున్న భర్త కేయూరుడు.

ఆ అయ్యోలో బాధ వీసమెత్తు కూడా లేదు. పదిహేను రోజులుగా బిగబట్టుకున్న ఊపిరి అతనికి ఇప్పుడే తేలిగ్గా ఆడింది.

పదిహేను రోజుల కిందట హరితపురి రాజుగారి ఒక్కగానొక్క కూతురు సౌగంధికను దంభోళి అనే మాంత్రికుడు ఎత్తుకుపోయి, సముద్రం మధ్యనున్న శుక్తిద్వీపంలో, ఒకే తలుపు ఒకే తాళం ఉన్న బురుజులో బంధించాడు. రాజు తాళాల పనిలో మేటి అయిన రుద్రాచారిని పిలిపించాడు. ముసలాయనకు చూపు ఆనదు. "నా బదులు నా పిల్లలు వెడతారు ప్రభూ" అని, నిండు కొలువులో తన పనిముట్ల సంచి విప్పి, పన్నెండేళ్ళు తన కొలిమి దగ్గర పని నేర్చిన మేనల్లుడూ అల్లుడూ అయిన కేయూరుడి చేతిలో కాక కూతురి చేతిలో పెట్టాడు. తరువాత అల్లుడి వైపు తిరిగి, "నాయనా, నువ్వు పడవ జాగ్రత్తగా నడుపు" అన్నాడు.

ఆ మాట కేయూరుడి గొంతులో చేపముల్లులా ఇరుక్కుని, ఇప్పటిదాకా దిగలేదు.

"నవ్వుతున్నావా బావా?" అంది తారావళి, తలెత్తి తోరణం వైపే చూస్తూ.

"నేనా? ఎండ కళ్ళలో పడుతోంది."

"ఎండ వెనకనుంచి కొడుతోంది."

ద్వారం దగ్గరి భటుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏటా ఎవరో ఒకరు ఇలాగే సంచి పోగొట్టుకుంటారు. మా దొర ద్వీపంలో ఇనుము నిలవదు. తాళం కడగడానికొచ్చినవాళ్ళకు ఉలులెందుకు? పదండి, పదండి."

ఉప్పుగాలికి ఆ ద్వీపంలో తాళాలన్నీ ఏడాదికోసారి బిగుసుకుపోతాయి. వాటిని విప్పి కడగడానికి ఏటా ఒక జంట పనివాళ్ళు వస్తారు. ఈ ఏడు ఆ వేషం వీళ్ళది.

లోపల కోట ఒక అద్భుతం. గోడలు ఎర్రని పగడపు దిమ్మలు. పైకప్పులకు పెంకుల బదులు ఆల్చిప్పలు పరిచారు. పొద్దుటి ఎండకు అవి నెమలి మెడలా నీలంగా ఒకసారి, పచ్చగా ఒకసారి మెరుస్తున్నాయి. చుట్టూ కందకంలో వీపుల మీద పాచి మొలిచిన మొసళ్ళు పడుకుని ఉన్నాయి. ఆ కందకం అంచునే, కొంగ మెడ సాచినట్టు, తెల్లని బురుజు ఒక్కటే ఆకాశంలోకి లేచింది.

బురుజు మెట్లన్నీ ఎక్కేసరికి దంభోళి తలుపు ముందు నిలబడి ఉన్నాడు. నీట మునిగి తేలినవాడి ఒళ్ళులా అతని ఒళ్ళు నీలంగా ఉంది. మెడలోని శంఖాల దండకు పొడుగాటి ఇత్తడి తాళంచెవి వేలాడుతోంది.

"ఇది నా మెడ దాటదు," అన్నాడు దాన్ని వేలితో మీటుతూ. "మీ తిప్పలు మీరు పడి తాళం విప్పండి, కడగండి, బిగించండి. మూడో జాముకు వచ్చి చూస్తాను. తాళంచెవి దూరేటప్పుడు ఏడు చప్పుళ్ళు వినిపించాలి. ఆరే వినిపిస్తే మొసళ్ళకు ఇవాళ విందు. మరొక మాట. ఈ గడియ జరిగిందంటే పైన గంట మోగుతుంది. ద్వీపంలో ఏ మూలనున్నా నా చెవిన పడుతుంది."

అతను వెళ్ళిపోయాక తారావళి తాళాన్ని తడిమి చూసింది. తలుపు మీద బిగించిన కంచుపెట్టె. దాన్లో అడ్డంగా, మణికట్టంత లావున గుండ్రని ఇత్తడి దిమ్మ.

"కొప్పుసూది ఒకటుంది," అంది. "మిగతావి వంటింట్లో చూద్దాం."

"వంటింట్లోనా? తాళం విప్పడానికా?"

"కర్ర, చీపురు, నూనె, గీకడానికి ఏదైనా చిప్ప. ఇంకేం కావాలి?"

ఇది తనకు ముందు తోచనందుకు కేయూరుడికి ఒళ్ళు మండింది. గబగబా ఆమె కంటే ముందు మెట్లు దిగాడు.

వంటపెద్ద పోలాంబ ఏనుగు పిల్లంత మనిషి. వచ్చినవాళ్ళ కోరికలు విని నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అప్పడాల కర్రా? మీరు తాళం కడగడానికొచ్చారా, అప్పడాలు వత్తడానికొచ్చారా?"

"తాళానికే అత్తా," అంది తారావళి. "దిమ్మ లాగేటప్పుడు వెనక తొయ్యడానికి."

"ఇదిగో, ఈ కర్ర నా పుట్టింటినుంచి తెచ్చుకున్నది. ఎలా తీసుకెళ్ళారో అలా తెచ్చివ్వాలి. చీపురు అటు మూల ఉంది, మామిడికాయ చెక్కు తీసే ఆల్చిప్ప ఆ గూట్లో. తొందరగా కానివ్వండి. పొద్దుగూకేవేళ పోటు వస్తుంది, దొర నీళ్ళలోకి దిగుతాడు. ఆ అరజాము సేపే మాకు కాస్త నడుం వాల్చే వీలు. నీళ్ళలో ఉంటే చెవి దగ్గర నగారా కొట్టినా ఆయనకు వినపడదు."

తారావళి, కేయూరుడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అంత సేపు నీళ్ళలో ఏం చేస్తాడు?" అన్నాడు కేయూరుడు, చీపురు పుల్లలు ఏరుకుంటూ.

"ఇవాళ ఒక పెద్ద ఆల్చిప్ప తెస్తాడట. పైనున్న ఆ పిల్లను అందులో పెట్టి మూస్తే తెల్లారేసరికి ముత్యమైపోతుందట. కిరీటంలో పొదుగుతాడట." పోలాంబ గొంతు తగ్గించింది. "మంచి పిల్ల. నా చారు బాగుందని కబురు పంపింది. ఈ కొంపలో ఆ మాటన్నది అదొక్కతే."

పోటు వేళ దంభోళి నీళ్ళలో ఉండే ఆ అరజాములో గంట మోగినా ఫరవాలేదు. కాని కొప్పుసూదితో ఒక్కో చీలా లేపి తాళం తియ్యాలంటే చాలా సేపు పడుతుంది. పట్టు తప్పితే మళ్ళీ మొదటికొస్తుంది. ఆ వేళకు చేతిలో తాళంచెవి సిద్ధంగా ఉండాలి. ఇలాంటి అవసరం వస్తుందనే తారావళి కొప్పులో ఒక గేదెకొమ్ము పలక దువ్వెనలా దోపుకుని వచ్చింది. తాళం విప్పి, లోపలి చీలల ఎత్తులు చూసుకుని, కొమ్ము మీద నొక్కులుగా గాళ్ళు కోస్తే తాళంచెవి తయారు.

ఆ తాళం కథ ఇదీ. దిమ్మలో వరసగా ఏడు గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో ఎత్తున్న ఇత్తడి చీల. వాటి నెత్తిన, కంచుపెట్టెలో, మరో ఏడు పైచీలలు. వాటిని కిందికి నొక్కుతూ ఏడు తీగచుట్టలు. తన తాళంచెవి దూరినప్పుడే కిందిచీలలన్నీ దిమ్మ అంచుకు సమంగా నిలిచి దిమ్మను తిరగనిస్తాయి. దిమ్మను ఊరికే బయటికి లాగితే తీగచుట్టలు పైచీలల్ని ఎగరగొడతాయి. అందుకని దిమ్మను లాగుతున్నకొద్దీ వెనకనుంచి సరిగ్గా దానంత లావు కర్రను తోస్తూ పోవాలి. రెంటికీ మధ్య నువ్వుగింజంత సందు కూడా ఉండకూడదు. పనివాళ్ళు దాన్ని వెంటకర్ర అంటారు.

"కర్ర నేను చెక్కుతాను," అన్నాడు కేయూరుడు మళ్ళీ బురుజెక్కగానే.

"దారంతో దిమ్మ చుట్టుకొలత తీసిస్తాను ఉండు."

"నా కన్ను చాలు."

"నాన్న ఎప్పుడూ దారంతోనే..."

"మామ నీకు చెప్పిన కొలతలు నాకెందుకు తారా? నాకు పడవ నడపడమే కదా చెప్పాడు!"

తారావళి నోరు మూసుకుని కొప్పుసూది తీసింది. కంచుసూది కొసను దీపం మంటలో కాల్చి వంచుకుంది. వెదురు బద్దతో దిమ్మను ఎడమచేత్తో ఒకవైపు సన్నగా నొక్కిపట్టి, కుడిచేత్తో సూది లోపలికి పోనిచ్చింది. కళ్ళు మూసుకుంది. ఆమె వేళ్ళు బియ్యంలో రాయి వెతుకుతున్నంత నెమ్మదిగా కదిలాయి. ఒక చీల లేచింది. రెండు. మూడు.

కేయూరుడు ఆల్చిప్పతో కర్ర గీకుతున్నాడు కాని చూపంతా అక్కడే ఉంది. నాలుగోది జారితే బాగుండుననుకున్నాడు. జారలేదు. కుండలో అన్నం ఉడికేంత సేపట్లో ఏడూ లేచాయి. గడియ జరగకముందే, దిమ్మ వేలెడు తిరగగానే ఆమె ఆపింది. తనకైతే రెండు కుండలు ఉడికేవి.

"అయింది," అంది తారావళి నుదురు తుడుచుకుంటూ. "కర్ర చూపించు."

కర్ర అందంగా ఉంది. సరిగ్గా దిమ్మంత లావు. దారం కొలతతో చేసినా అంత బాగా కుదరదు. పైగా కేయూరుడు దాని కొసను చక్కగా గుండ్రంగా అరగదీసి, నూనె రాసి నిగనిగలాడించాడు.

తారావళి కనుబొమలు ముడిపడ్డాయి. "మూతి గుండ్రంగా ఉంది బావా. కత్తిరించినట్టు చదునుగా ఉండాలి. గుండ్రటి అంచు దగ్గర సందు పడుతుంది."

"అద్దంలాంటి పని చేస్తే అందులోనూ వంకేనా?"

"అద్దం కాదు, వెంటకర్ర. ఇలా తే, రెండు గీతలు గీస్తే..."

"ముట్టుకోకు!" కర్రను వెనక్కి లాక్కున్నాడు. "చీలలు నువ్వు లేపావు. తోసేది నేను. అదీ నువ్వే చేస్తే ఇంటికెళ్ళాక మామతో ఏం చెప్పను, తెడ్డు బాగా వేశాననా?"

పెట్టె వెనక దిమ్మను ఆపే చిన్న బిరడా పీకి, కర్ర మూతి దిమ్మ వెనక ఆనించి తొయ్యడం మొదలుపెట్టాడు. ముందువైపు దిమ్మ నెమ్మదిగా బయటికొచ్చింది. తారావళి దాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఒక గుంట దాటింది. కర్ర సన్నగా తగులుకుని జారింది. రెండోది. మూడోది. ప్రతిసారీ ఆ తగులుడు తారావళి చేతికి తెలుస్తూనే ఉంది.

"నెమ్మది బావా."

"నాకు తెలుసు."

ఆరు దాటాయి. ఏడోది తాళం నోటి దగ్గరిది. గుండ్రటి అంచు దాని కిందికి రాగానే, టింగ్!

పైచీల, దాని వెనకే తీగచుట్ట మిడతల్లా దూకాయి. తీగచుట్ట గోడకు తగిలి, చీల నేల మీద రెండు గంతులు వేసి, రెండూ గోడలోని బాణాల కంతలోంచి బయటికి పోయాయి. కింద కందకంలో బుడుంగుమంది. ఒక మొసలి దవడలు టప్పున మూసుకున్నాయి.

ఇద్దరూ కంత దగ్గరికి పరుగెత్తి కిందికి చూశారు.

"చెప్పానా!" అంది తారావళి.

"నువ్వు దిమ్మను కదిలించావు!"

"నేనా? నీ అద్దం మూతి..."

"సరిగ్గా పట్టుకునుంటే..."

"ఎవరది?" తలుపు లోపలినుంచి సన్నని గొంతు వినిపించింది. "ఎందుకలా దెబ్బలాడుకుంటున్నారు?"

తారావళి తలుపుకు పెదాలు ఆనించింది. "రాకుమారీ, మేము హరితపురినుంచి వచ్చాం. మిమ్మల్ని విడిపించడానికి."

"అలా అనిపించడం లేదే," అంది సౌగంధిక.

కేయూరుడు సిగ్గుపడి, తొలిసారి తల దించుకున్నాడు. "ఏడో పైచీల పోయిందమ్మా. నా వల్లే. అది లేకపోయినా తాళం తిరుగుతుంది, కాని ఆరే చప్పుళ్ళు వినిపిస్తాయి. తీగ కావాలి. ఇనుము కానిది."

"వీణ ఉంది. ఇత్తడి తీగలు."

తలుపు కిందినుంచి సన్నని పచ్చని తీగ పాములా పాక్కుంటూ వచ్చింది. కేయూరుడు దాన్ని చీపురు పుల్ల మీద దగ్గరదగ్గరగా చుట్టి, పుల్ల లాగేశాడు. తీగచుట్ట వేళ్ళ మధ్య నొక్కితే నొక్కుకుని, వదిలితే లేచింది.

"బాగుంది," అంది తారావళి.

"మామలాగా అనకు."

తీగచుట్ట దొరికింది. పైచీల ఎక్కణ్ణుంచి తేవాలి? పోలాంబ మధ్యాహ్నానికి కట్టిచ్చిన పులిహోర పొట్లం విప్పి రెండు ముద్దలు తిన్నారో లేదో, కేయూరుడు చెంప పట్టుకున్నాడు. పంటి కింద చింతపిక్క. పోలాంబ పులుసు సరిగా వడకట్టే మనిషి కాదు. తారావళి అతని అరచేతిలోంచి ఆ పిక్క లాక్కుని మెట్టు మీద నీళ్ళు చల్లి అరగదియ్యడం మొదలుపెట్టింది. ఎముకంత గట్టి పిక్క. అరజాము అరగదీస్తే గుండ్రని, నల్లని, మిగతా ఆరింటికీ సరిజోడైన చీల అయింది.

కేయూరుడు ఈలోగా, ఎవరూ చెప్పకుండానే, కర్ర మూతి చదునుగా గీశాడు. గీస్తూ తారావళి చూస్తోందేమోనని రెండుసార్లు చూశాడు. ఆమె చూడనట్టే ఉంది.

తరువాత పని చకచకా సాగింది. చీలల్ని వరస తప్పకుండా కొబ్బరి చిప్పలో నూనెతో కడిగారు. ఒక్కో కిందిచీల ఎత్తుకు ఒక్కో చీపురు పుల్ల తుంచారు. తారావళి ఆ పుల్లలు పక్కన పెట్టుకుని, ఆల్చిప్ప అంచుతో కొమ్ము మీద ఏడు గాళ్ళు కోసింది. కేయూరుడు దిమ్మను మళ్ళీ పెట్టెలోకి తోస్తూ, వెంటకర్రను వెనక్కి పంపాడు. ఈసారి ఒక్క చీల కూడా కదల్లేదు. తారావళి కొమ్ము తాళంచెవిని కొప్పులో దోపుకుంది. గడియ జరిగితే గంట మోగుతుంది కనక దాన్ని పెట్టి చూసే వీల్లేదు.

మూడో జాముకు దంభోళి ఇద్దరు భటుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఒక్క మాటైనా అనకుండా తాళానికి చెవి ఆనించి, మెడలోని తాళంచెవి లోపలికి తోశాడు.

టుప్. టిక్. టిక్. టిక్. టిక్. టిక్. టిక్.

"ఏడు," అన్నాడు. తల మాత్రం ఎత్తలేదు. "మొదటిది మెత్తగా పలికింది."

తారావళి చెయ్యి కొప్పు వైపు పోబోయి ఆగింది.

"నూనె దొరా," అన్నాడు కేయూరుడు. "నోటి దగ్గర కాస్త ఎక్కువ పడింది. నాలుగు రోజుల్లో ఆరిపోతుంది."

దంభోళి తాళంచెవి తిప్పాడు. గడియ జరిగింది. పైన గంట ఖంగుమంది. మళ్ళీ బిగించి, తృప్తిగా నవ్వాడు. ఆ నవ్వులో పళ్ళన్నీ చేప పళ్ళలా లోపలికి వంగి ఉన్నాయి.

"పదకొండేళ్ళుగా ఈ తాళం ఇంత బాగా ఎవరూ కడగలేదు. మీలో దీన్ని విప్పిన చెయ్యి ఎవరిది?"

"ఎందుకు దొరా?" అంది తారావళి.

"దీని లోపలి గుట్టు చూసిన మనిషి నా ద్వీపం దాటకూడదు. నేలమాళిగలో ఇప్పటికే పదకొండుమంది ఉన్నారు. మంచి పనివాళ్ళు. తోడుగా వచ్చినవాళ్ళకు మాత్రం కూలి ఇచ్చి పంపేస్తాను. ఎవరు విప్పారు?"

"నేను," అన్నాడు కేయూరుడు.

"అబద్ధం!" తారావళి ముందుకొచ్చింది. "చీలలు లేపింది నేను. ఏడూ నేనే."

"అది చీలలు లేపడమా? కొప్పుసూదితో గోకావు. వెంటకర్ర చెక్కింది ఎవరు? దిమ్మ బయటికి తీసింది ఎవరు?"

"తియ్యడమా! నీ తీత సంగతి ఈ గోడనడుగు, చెబుతుంది!"

"పన్నెండేళ్ళు కొలిమి ఊదింది నేను. నీకు సంచి మోయడం తప్ప ఏం వచ్చు?"

"సంచి నాకిచ్చాడని ఇప్పటికీ ఏడుపే కదూ నీకు!"

"అవును, ఏడుపే! ఈ ఒక్క పనైనా నాదని ఒప్పుకో!"

దంభోళి ఒకసారి ఇటు, ఒకసారి అటు చూశాడు. వీళ్ళు ఒకరినొకరు కాపాడుకుంటున్నారని అతనికి ఎక్కడా అనుమానం రాలేదు. ఎందుకంటే వాళ్ళ కళ్ళలో కనిపించిన కుళ్ళు నిజమైనది. ఆ "నేను" అన్న మాట భార్య మీద ప్రేమతో నోటికొచ్చిందో, పదిహేను రోజుల మంటతో వచ్చిందో కేయూరుడికే తెలియదు.

అంతలో ఆయాసపడుతూ పోలాంబ పైకొచ్చింది. "నా కర్ర ఏదే అమ్మాయ్? సాయంత్రానికి..." గోడకానించిన కర్ర చూసి గుండె బాదుకుంది. "అయ్యో, అయ్యో! పుట్టింటి కర్రను ఇలా చెక్కేశారేం? ఎవరిదీ పాడుపని?"

"నాదే," అన్నాడు కేయూరుడు.

"వీడే దొరా, వీడే! ఆ పిల్ల చేతిలో చీపురు తప్ప ఇంకేం చూడలేదు నేను. ఈ మగాడే పుల్లలు ఏరాడు, నా ఆల్చిప్ప పట్టుకెళ్ళాడు!"

"సరే, తేలిపోయింది," అన్నాడు దంభోళి. భటులకు సైగ చేశాడు. "వీణ్ణి కిందికి. దాన్ని పడవ దాకా దింపిరండి."

తారావళి ఒక్కసారిగా వంగి భర్త పాదాలు పట్టుకుంది. భార్య మొగుడి కాళ్ళకు మొక్కుతుంటే భటులు రెండడుగులు వెనక్కి తగ్గారు. కేయూరుడు ఆమెను భుజాలు పట్టి లేపుతూ చెవి దగ్గరికి వంగాడు.

"ఆరో గాడి చాలదు. ఒక వెంట్రుక లోతు ఇంకా కొయ్యి."

"ఎప్పుడు చూశావు?"

"నువ్వు కోస్తున్నప్పుడే."

"మరి చెప్పలేదేం?"

"పోటు వేళ తలుపు దగ్గర నీ తాళంచెవి తిరగదు. అప్పుడు నన్ను పిలుస్తావనుకున్నాను." భటులు మళ్ళీ దగ్గరికొచ్చారు. "పిలిపించుకోవాలనిపించింది తారా. ఒక్కసారి."

"పాపిష్ఠి బావా," అంది ఆమె, ఏడుస్తూనే. భటులు అతన్ని లాక్కుపోయారు.

ఎర్రని సూర్యుడు సముద్రంలో సగం మునిగాడు. పోటు ఒడ్డును నాకుతూ పైకెక్కింది. దంభోళి ఒక్కో మెట్టే దిగి, మెడ దాకా, తల దాకా నీళ్ళలో కలిసిపోయాడు. అతని వెనక ఒక్క బుడగ లేచి పగిలింది. కోటలో భటులు ఆయుధాలు పారేసి, ఎక్కడివాళ్ళక్కడ నడుం వాల్చారు. వంటింట్లోంచి పోలాంబ గురక మొదలైంది.

పడవ రేవు దాటకముందే నీళ్ళలోకి దూకి, అప్పటిదాకా రాళ్ళచాటున దాగిన తారావళి ఇప్పుడు ఒడ్డెక్కింది. తడిసిన చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, బురుజు మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. తలుపు ముందు కొప్పులోంచి కొమ్ము తీసి, దూర్చి తిప్పింది.

తిరగలేదు.

మెట్టు మీద కూర్చుంది. ఒడ్డున ఏరుకొచ్చిన చిప్ప ముక్క అంచుతో ఆరో గాడిని ఒక్క గీత గీసింది. కంటికి ఎత్తి చూసింది. ఇందాకటికీ ఇప్పటికీ ఆమెకు ఏ తేడా కనిపించలేదు. గాడి సరిగ్గానే ఉన్నట్టుంది, అప్పుడూ ఇప్పుడూ. మళ్ళీ దూర్చింది.

దిమ్మ వెన్నలో కత్తిలా తిరిగింది. గడియ జరిగింది. పైన గంట ద్వీపమంతా అదిరేటట్టు మోగింది. తలుపు తెరుచుకుని, వీణ గుండెకు హత్తుకున్న సౌగంధిక బయటికొచ్చింది.

"అక్కా! గంట మోగింది, భటులు లేస్తారు. పడవ ఎక్కడుంది?"

తారావళి కదల్లేదు. కొమ్ము ముక్కను ఎర్రటి వెలుతురుకెత్తి, ఆరో గాడినే చూస్తోంది. ఆమె మొహం చూస్తే తాళం తీసిన మనిషిలా లేదు. నిండు కొలువులో ఎవరి చేతికో సంచి వెళ్ళిపోతుంటే చూస్తున్న మనిషిలా ఉంది.

"అక్కా, పడవ!"

"పడవ తరువాత రాకుమారీ. ముందు నేలమాళిగ." కింద ఎవరో నిద్రలోంచి లేచి అరిచారు. మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. తారావళి కొప్పుసూది పళ్ళ మధ్య కరిచిపట్టి, ఒక చేత్తో చీర బిగించి, రెండో చేత్తో సౌగంధిక చెయ్యి అందుకుంది. "అక్కడ ఒక మనిషికి కనిపించింది నా కంటికి కనిపించలేదు. అదెలా కనిపించిందో అతని నోట చెప్పించుకోనిదే నేను ఈ ద్వీపం దాటను. పదండి!"

ఇద్దరూ, ఎదురుగా పైకొస్తున్న కాగడాల వైపే, మెట్లు దిగడం మొదలుపెట్టారు.